వేట నిషేధంలో బాగుచేసిన బండి

పెందుర్తి దాకా సముద్రపు ఉప్పుగాలి రాదని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకుని బండిని మేడమెట్ల కింద పెట్టి, టార్పాలిన్ కప్పి, తాడు బిగించి ఇన్నేళ్ళూ నిశ్చింతగా ఉన్నాను. ఈ ఏప్రిల్‌లో బయటికి లాగి చూస్తే వెనక చక్రానికున్న ముప్పై ఆరు చువ్వల్లో పదకొండు తుప్పుపట్టి, వేలితో నొక్కగానే విరిగాయి. గాలి మన లెక్క ప్రకారం నడవదు కదా.

అది నూరు సీసీ బండి, రెండు స్ట్రోకులది. ఇప్పుడు రోడ్డు మీద కనబడితే కుర్రాళ్ళు ఆగి ఫొటో తీసుకునే రకం. మేం కొన్నప్పటికే అది మూడో చేతిలో ఉంది. హెడ్‌లైటు, మడ్‌గార్డులు, అద్దాలు, సగం సీటు తీసేసి, మట్టి మీద పందేలకు పనికొచ్చేలా చేసుకున్నాం. మేం అంటే నేనూ, మా బావా.

బావ అంటే చుట్టరికం కాదు. మా వాళ్ళు స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో గోదావరి వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. అతనిది తీరంలో తరాలుగా వేట చేసే కుటుంబం. ఈ ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు నాలుగు రోజులు కలిసి తిరిగితే బావలైపోతారు. మేమూ అలాగే అయ్యాం. అతను బండి నడిపేవాడు, నేను లెక్కలు చూసేవాణ్ణి.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఉద్యోగం పోర్టు రోడ్డులో ఒక వేబ్రిడ్జి మీద. లారీ నిండుగా వచ్చినప్పటి తూకంలోంచి ఖాళీగా వెళ్ళినప్పటి తూకం తీసెయ్యడం, అంతే. లెక్కలంటే ఇష్టమున్న మనిషికి రోజంతా ఒకే తీసివేత చెయ్యడం ఎలా ఉంటుందో చెప్పలేను. మిగిలిపోయిన ఇష్టమంతా బండి మీద పెట్టాను. చైను తిరిగే పళ్ళచక్రాల్లో ముందుదానికి ఎన్ని పళ్ళుండాలి, వెనకదానికి ఎన్నుండాలి, పెట్రోల్లో ఆయిలు ఏ పాళ్ళలో కలపాలి, కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ ఏ నంబరుది వెయ్యాలి. ఇవన్నీ పాత పుస్తకాలు చూసీ, పాడు చేసీ నేర్చుకున్నవే. వెనక నలభై రెండు పళ్ళకు బదులు నలభై నాలుగు వేస్తే లాగుడు నూటికి ఐదు వంతులు పెరుగుతుంది, పరుగు ఇంచుమించు అంతే తగ్గుతుంది. ఏది కావాలన్నది మైదానాన్ని బట్టి ఉంటుంది.

రెండు స్ట్రోకుల ఇంజన్ కింది వేగంలో బద్ధకంగా ఉంటుంది. ఒక చోటికి రాగానే ఎవరో చరిచినట్టు ఒక్కసారిగా లేస్తుంది. ఆ లేచే చోటు సరిగ్గా ఆఖరి వంపు మధ్యలో, రెండో గేరులో పడాలి. నా లెక్కంతా దానికోసమే. పందెం జరుగుతున్నప్పుడు నేను ఆ వంపు దగ్గర జనానికి అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని నిలబడేవాణ్ణి. వంపులోకి వచ్చేటప్పుడు బండి గొంతు ముద్దగా ఉండేది. వెనక చక్రం పక్కకి జారేది, ఎర్రమట్టి లేచేది. అప్పుడు శబ్దం ఒక్కసారి విచ్చుకుని పైకి వెళ్ళేది. కాగితం మీద నేను వేసుకున్న భాగహారం గాలిలో వినబడేది. నా లెక్కకి అంతకంటే మంచి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

తర్వాత మట్టి పందేలు ఆగిపోయాయి. అతను బోటు ఎక్కాడు, కొన్నాళ్ళకి బోటు నడిపే సరంగు అయ్యాడు. నాకు పెళ్ళయింది, పెందుర్తిలో ఇల్లయింది. బండి మెట్ల కిందికి వెళ్ళింది. ఆ శబ్దం కోసం ఎప్పుడైనా రోడ్డు మీద అలాంటి బండి పోతుంటే చెవి పెట్టేవాణ్ణి. గేరు తప్పు, రోడ్డు తప్పు. అది అది కాదు.

ఈ ఏడాది వేసవిలో ఆనందపురం అవతల ఒక మైదానంలో పాత రెండు స్ట్రోకుల బళ్ళకి పందెం పెడుతున్నారని తెలిసింది. జూన్ రెండో ఆదివారం. నేను మొదట చూసింది తేదీ. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా సముద్రం మీద మర బోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ కట్టేస్తారు. అంటే బావ ఒడ్డునే ఉంటాడు. పందెం నాటికి ఇంకా బోటు కదలదు. లెక్క సరిపోయింది.

ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. కట్టేసిన బోట్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. బావ మరో ఇద్దరితో నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు.

"ఏటి బావా, ఇంత ఎండలో ఇలాగొచ్చేసినావ్?"

"బండి బయటికి తీశాను."

"ఏ బండి?"

"మన బండి."

వల కుడుతున్న చెయ్యి ఆగింది. "అది బతికే ఉందేటి?"

పందెం సంగతి చెప్పాను. పక్కనున్న ముసలాయన పకపకా నవ్వాడు. "సరంగుకి రేసులేటిరా? మెట్లెక్కితేనే మోకాళ్ళు పట్టుకుని కూకుంటాడు."

బావ చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు. "ఇది సూసినావా బావా? అప్పటి మనిసిని కాను నాను."

"చూశాను. లెక్కలో వేశాను కూడా. వెనక రెండు పళ్ళు పెంచుతున్నాను."

"ఓలమ్మో! నా పొట్టకి రెండు పళ్ళట!" అని ముసలాయన వైపు తిరిగి అందరికీ వినబడేలా అరిచాడు. తర్వాత వల పక్కన పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు. "బెరేకులు ఉన్నాయా?"

అప్పుడు తెలిసింది వస్తాడని.

ఆ రెండు నెలలూ బాగా గడిచాయి. మద్దిలపాలెం దగ్గరున్న పాత లేత్ షాపులో సిలిండర్ ఇచ్చాం. ఇదివరకే రెండుసార్లు బోరు కొట్టించిన సిలిండర్ అది. లోపలి గోడ ఇంకో పావు మిల్లీమీటరు అరగదీయించి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వెతికి తెచ్చాను. చక్రానికి కొత్త చువ్వలు వేయించాను. ట్యాంకులో తుప్పుంటే బావ గుప్పెడు మేకులు, కిరసనాయిలు పోసి, దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఊపేవాడు. మా ఇంటావిడ టీ తెచ్చి ఆ దృశ్యం చూసి, "ఏవండీ, పెళ్ళిచూపుల్లో మీకు ముందే ఒక సంసారం ఉందని చెప్పలేదే" అంది. బావ సిగ్గుపడ్డట్టు నటించి, "సెల్లెమ్మా, బిడ్డ నిద్రపోతంది, గట్టిగా మాట్లాడకు" అన్నాడు.

మే చివర్లో బండి లేచింది. నాలుగో కిక్కుకి. వీధంతా నీలం పొగ. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. బావ ఇంజన్ మీదికి వంగి, బోటు ఇంజన్‌ని విన్నట్టే కళ్ళు మూసుకుని విని, "తిండి ఎక్కువైంది దీనికి" అన్నాడు. ప్లగ్ విప్పి చూస్తే నల్లగా మసి. ఒక నంబరు చిన్న జెట్ వేశాను. మర్నాటికి ప్లగ్ కాఫీపొడి రంగుకి వచ్చింది, అంటే తిండి సరిపోయింది.

మా ఇంటి వెనక కొత్తగా చదును చేసిన ఒక లేఅవుట్ ఉంది. ఎర్రమట్టి, హద్దురాళ్ళు, ఇంకా ఇళ్ళు లేవు. అక్కడ బావ బండి ఎక్కాడు. మొదటి రోజు ఒళ్ళంతా బిగబట్టుకుని నడిపాడు. వారం తిరిగేసరికి భుజాలు జారి, మోచేతులు తెరుచుకుని, పాత మనిషి మెల్లిగా బయటికొచ్చాడు. కానీ నేను గట్టిగా లాగనివ్వలేదు. కొత్త పిస్టన్, కొత్త బోరు ఒకదానికొకటి అలవాటు పడేదాకా ఇంజన్‌ని సగం మించి తిప్పకూడదు. పుస్తకంలో ఉన్నదానికి నేను ఇంకొంచెం కలిపాను. నా అలవాటు అది.

"ఒక్కపాలి లాగనీ బావా. సెయ్యి దురద పెడతంది."

"వద్దు. పందెంలో లాగు."

"ఒక్కపాలి. ఆ సివర నుంచి ఈ సివరకి."

"ఇప్పుడు పిస్టన్ బిగుసుకుని పట్టేస్తే ఇంకోటి దొరకదు. ఆదివారం నీ ఇష్టం."

అతను సరేనన్నాడు. నాకూ వినాలనే ఉంది. ఆ లేఅవుట్ మూలలో నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అని గొంతు దాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆదివారానికి దాచుకున్నాను.

శుక్రవారం సాయంత్రం వాన మొదలైంది. శనివారం కూడా ఆగలేదు. మైదానం చెరువైందనీ, పందెం వారం వాయిదా వేశామనీ నిర్వాహకులు ఫోన్ చేశారు. వారం వాయిదా అంటే నిషేధం అయిపోయాక.

బావకి ఫోన్ చేసి చెప్పాను. వెనక ఎవరో డీజిలు డ్రమ్ములు దొర్లిస్తున్న చప్పుడు.

"మొదటి వేట బావా," అన్నాడు. "రెండు నెలలు ఒడ్డున కూకున్నారు కుర్రోళ్ళు. మొదటేటకే కదా రొయ్య పడతాది. నాను లేకపోతే బోటు కదల్దు."

"తెలుసు."

"నువ్వెక్కు."

"నేనా?"

"మరెవుడు? ఆ బండి గురించి నీకు తెలీనిదేటుంది?"

నేను రోడ్డు మీద బండి నడిపినవాణ్ణే గాని మట్టి మీద ఎప్పుడూ నడపలేదు. అయినా పందెంలో అతని పేరు తీయించి నా పేరు రాయించుకున్నాను. బండిని మళ్ళీ మెట్ల కింద పెట్టడానికి మనసు ఒప్పలేదు. ఎవరో తెలియని కుర్రాడికి ఇచ్చి నడిపించి నేను వంపు దగ్గర నిలబడొచ్చు, అడిగినవాళ్ళున్నారు కూడా. వాడు నడిపితే ఆ శబ్దం వచ్చినా అది వేరే శబ్దం అవుతుందనిపించింది. ఎందుకో లెక్క కట్టి చెప్పలేను.

పందెం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పన్నెండు బళ్ళు, ఐదు చుట్లు. మొదటి వంపులోనే అందరూ నన్ను దాటిపోయారు. మట్టి మీద బండి నా మాట వినలేదు, ముందు చక్రం ఒకటంటే వెనక చక్రం ఇంకొకటి. హెల్మెట్ లోపల నా ఊపిరే పెద్ద శబ్దం. మూడో చుట్టులో ధైర్యం చేసి ఆఖరి వంపులో రెండో గేరులో ఉంచి లాగాను. బండి లేచింది. తొడల కింద, అరచేతుల్లో, పళ్ళలో లేచింది. లెక్క సరిగ్గానే వేశాను, లేవాల్సిన చోటే లేచింది. కానీ వినబడలేదు. గాలి, దుమ్ము, వణుకు, అంతే. నేను అన్నేళ్ళు తాడు పట్టుకుని నిలబడిన చోటులాంటి చోట కొందరు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకి వినబడే ఉంటుంది. పదకొండో స్థానంలో వచ్చాను. పన్నెండోవాడి చైను తెగింది.

మా ఇంటావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఎముకలన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక, "బాగా నడిపారు" అంది. ఆవిడ అబద్ధాలు తక్కువ చెబుతుంది. ఆ రోజు ఒకటి చెప్పింది.

బావ బోటు మరుసటి వారం వచ్చింది. తెల్లవారకముందే ఫోన్ చేశాడు. "బండి తే. ఓపాలి సూత్తాను." రెండో వేటకి ఆ సాయంత్రమే పోవాలిట. ఐసు, డీజిలు, వల, అన్నీ ఆ ఒక్క పగట్లోనే. వేట మొదలైతే ఇక మళ్ళీ నిషేధం దాకా అతనికి ఒక ఆదివారం అంటూ ఉండదు. వాన వెలిశాక మా ఇంటి వెనక లేఅవుట్‌లో సిమెంటు రోడ్లు పొయ్యడం కూడా మొదలుపెట్టారు.

ట్రాలీ ఆటోలో బండి ఎక్కించుకుని హార్బర్‌కి వెళ్ళాను. చేపల వేలంపాట అప్పటికే సగం అయింది. తడి నేల మీద చేపల గుట్టలు, అరుపులు, తోపుడు బళ్ళు. బావ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం పెరిగింది. లుంగీ పైకి కట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగిన ఫుట్‌రెస్టు తడిమి చూశాడు.

"పడ్డావా?"

"ఒకసారి. పందెం అయిపోయాక. దిగుతుంటే."

అతను నవ్వుతూనే ఎక్కాడు. రెండో కిక్కుకి అందుకుంది. అంతలో బోటు మీంచి ఎవడో అరిచాడు. "సరంగూ! ఐసు మిల్లుకాడ మన సీటీ కాయితం ఇయ్యాల, బేగెల్లు!"

"వత్తన్నానెహె!" అని నా వైపు తిరిగి, "ఇటే ఎల్తన్నాను బావా, సూడు" అన్నాడు.

వెళ్ళాడు. మొదటి గేరులో, చెప్పుల కాళ్ళతో. వల కుప్పల పక్కనుంచి, రొయ్యల బుట్టలు మోసే ఆడవాళ్ళ మధ్య నుంచి. పందెం కోసం కట్టిన బండికి ఆ నడక చేతకాదు. దగ్గుతూ, గింజుకుంటూ పోయింది. ఒకావిడ బుట్ట పక్కకి తిప్పుకుని బండినీ అతన్నీ కలిపి తిట్టింది. వేలంపాటల షెడ్డు దాటాక ఐసు లారీల వైపు దారి ఎడమకి తిరుగుతుంది. అక్కడ కాస్త ఖాళీ ఉంది. వంపు ముందు అతని భుజం కిందికి దిగింది. అది చూసి నేను అంతమందిలో గొంతు చించుకుని అరిచాను.

"రెండోది వెయ్యి బావా! రెండోది వేసి లాగు!"

తల తిప్పలేదు. లారీల వెనక్కి వెళ్ళిపోయాడు. నేను చేపల నీళ్ళలో నిలబడి చెవి రిక్కించాను. ఐసు దిమ్మలు పిండి చేస్తున్న మిల్లు రొదలో అటునుంచి ఏదో పైకి లేచినట్టే అనిపించింది. అది మా బండో కాదో తెలియలేదు.