మైకు వదిన మార్చి చదివిన కథ

మా వదినను అందరూ మైకు అంటారు. పెళ్ళికి ముందు బస్టాండులో అనౌన్సరు ఉద్యోగానికి వెళ్తే, ఈమెకు మైకు ఇవ్వడం దండగ అన్నారట. ఆ ఉద్యోగం రాలేదు, పేరు మాత్రం వచ్చింది. ఇప్పుడావిడ కౌంటరు దగ్గర కూర్చుని ఎవరి నడుం కొలత చదివినా కింద టైర్ల షాపువాళ్ళకు తెలిసిపోతుంది. ఆ టైర్ల షాపు పైన, స్కూలు యూనిఫారాలు కుట్టే గది మాది. రెండు వరసల మిషన్లు, కిటికీ దగ్గర ఇస్త్రీ బల్ల, మధ్యలో బట్ట కత్తిరించే పెద్ద బల్ల. కత్తిరించేది అన్నయ్య. షాపు ఆయనది కాబట్టి ఆయన అందరికీ అన్నయ్య, ఆయన భార్య అందరికీ వదిన. నేను చొక్కాలకు చేతులు కుడతాను. నా పక్క మిషన్ మీద కాలర్లు కుట్టే అమ్మాయి ఉంటుంది. కాలర్లమ్మాయి అంటేనే పలుకుతుంది.

వదినకు ఊరికే కూర్చోవడం చేతకాదు. మధ్యాహ్నం పూట కౌంటరు ఖాళీగా ఉంటే చేతికి దొరికిందల్లా పైకి చదువుతుంది. మందు సీసాతో వచ్చే కాగితాన్ని కూడా వదలదు. దగ్గు మందు తాగితే ఏమేం కీడు జరగవచ్చో మా అందరికీ కంఠతా వచ్చు. అలాంటి రోజుల్లో ఆవిడకు ఫోన్లో "బరువు" అనే సీరియల్ దొరికింది. మొదటి భాగం మొదలుపెట్టినప్పుడు ఇదేదో ఇంకో సూపర్ హీరో గోల అనుకున్నాం. సగమయ్యేసరికి మిషన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి.

అందులో ఒక పిల్ల. బస్సులు కడిగే ఉద్యోగం. ఆమె దేన్ని ముట్టుకుంటే దాని బరువు పోతుంది. పోయిన బరువు గాలిలో కలిసిపోదు, ఆమె ఒంట్లోకి వచ్చి కూర్చుంటుంది, నిద్రపోయి లేస్తే గాని దిగదు. పగలు కూలిన క్రేన్‌ను ఒంటిచేత్తో పక్కకు పెట్టిన మనిషి, సాయంత్రం ఇంటి మెట్లెక్కలేక కింద మెట్టు మీద కూలబడి అక్కను కేకేస్తుంది. అక్క తిట్టుకుంటూ దిగివచ్చి, చంకల్లో చేతులు వేసి లాక్కుపోతుంది. మాకు క్రేన్ కంటే ఆ మెట్లే నచ్చాయి. ఆ పిల్ల ఏమంత బుద్ధిమంతురాలు కూడా కాదు. అబద్ధాలాడుతుంది, అలుగుతుంది, అక్క కొత్త చెప్పులు అడక్కుండా వేసుకుపోయి తెంపుకొస్తుంది. ఊరిని కాపాడే మనిషికి చెప్పుల గొడవేమిటని అన్నయ్య వెక్కిరించేవాడు.

"అదేనండీ కథ," అనేది వదిన.

ఆడవాళ్ళ కబుర్లని పైకి అనేవాడే కానీ, శుక్రవారం కొత్త భాగం వచ్చే వేళకు అన్నయ్య కత్తెర చేతిలో ఉండేది కాదు.

ఆ సీరియల్ అంటే మేం చెవి కోసుకునేవాళ్ళం. ప్రతి భాగం కింద చదివినవాళ్ళు రాసే మాటలుంటాయి, వదిన అవి కూడా చదివేది. ఒకాయన రైలు నడుపుతాడట, ఒకావిడ పళ్ళ డాక్టరట. దెబ్బలాటల గురించి రాసేవాళ్ళు తక్కువ. ఆ పిల్ల అక్కకు క్షమాపణ చెప్పిందా, చెప్పులు కొనిస్తే చెప్పినట్టేనా, దీని మీద రోజుల తరబడి కొట్టుకునేవాళ్ళు. ముక్కూ మొహం తెలియనివాళ్ళంతా ఒకే ఇంటి గొడవలో తల దూర్చినట్టుండేది. నేనూ ఒకసారి దూర్చాను. పళ్ళ డాక్టరు నాకు బాగా గడ్డి పెట్టింది.

మా గదిలో అందరికంటే శ్రద్ధగా వినేది కాజాల పెద్దమ్మ. బొత్తాలు దూర్చే కాజాలను చేత్తో కుడుతుంది, మిషన్ కాజా అంటే ఆవిడకు గిట్టదు. ఫోన్లో అక్షరాలు కళ్ళకు ఆనవని దాన్ని ముట్టుకోదు. తన వాళ్ళ గురించి ఏనాడూ నోరు విప్పింది లేదు. అలాంటిది, కథలో అక్క ఆ పిల్లను కసురుకుంటూ తల దువ్వే చోట, "మా చెల్లికీ నేనే దువ్వేదాన్ని. కుదురుగా కూర్చుంటేగా," అంది. ఆవిడకొక చెల్లెలుందని మాకు అప్పుడే తెలిసింది.

మిగతాది ఆ తర్వాత కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. వయసులో ఉన్నప్పుడు పెద్దమ్మకు ఒక బళ్ళో కుట్టు టీచరు ఉద్యోగం ఖాయమైంది. చిన్నతనంలో ఆవిడకు మూర్ఛలు వచ్చేవి, ఎప్పుడో తగ్గిపోయాయి. ఆ మాట చెల్లెలు వెళ్ళి హెడ్మిస్ట్రెస్ చెవిన వేసింది. పెద్దమ్మకు ఉద్యోగం పోయింది. అది చెల్లెలికే వచ్చింది. ఇద్దరి మధ్యా మాటలు ఆనాటితో సరి. ఇప్పుడా చెల్లెలు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది, డాక్టర్లు నడవమంటున్నారు. ఆవిడేమో భయపడి మంచం దిగడం లేదు. అక్కను ఒక్కసారి రమ్మనమని కూతురితో కబురు పంపింది.

"చూద్దాంలే," అంది పెద్దమ్మ.

ఆ మాట రావడమే గొప్ప అని వదిన పొంగిపోయింది. ఇదంతా కథ మహిమేనని, ఇంకొన్ని శుక్రవారాలు గడిస్తే పెద్దమ్మ తనంతట తనే బయలుదేరుతుందని మాతో పందెం కాసింది.

సరిగ్గా ఆ వారమే ఆ సీరియల్ రాసేవాళ్ళెవరో మా కొంప ముంచారు. కథలో మేడలు కూల్చేవాడొకడున్నాడు. సాయంత్రమైతే ఆ పిల్ల కదల్లేదన్న రహస్యం వాడికి చేరిపోయింది. చేరవేసింది ఎవరో కాదు, అక్క. చెల్లెలి పేరు ఊరంతా మారుమోగుతుంటే, తన పేరు అడిగే దిక్కు లేకపోతే, కడుపుమంటతో నోరు జారింది. వదిన చదువుతూ చదువుతూ ఆ చోట ఆగింది. మొహంలో రంగు పోవడం నాకు కనిపిస్తూనే ఉంది. పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"ఆ రహస్యం చెప్పింది," అని వదిన గొంతు సవరించుకుంది, "అక్క ఆఫీసులో గుమస్తా."

అలా పుట్టాడు గుమస్తా. మేం ఇళ్ళకు పోయి ఎవరి ఫోన్లో వాళ్ళం అసలు సంగతి చదువుకున్నాం. మర్నాడు ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మామూలుగా మా గదిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఆ ఒక్క విషయంలో మాత్రం కుక్కిన పేనుల్లా ఉన్నాం. పెద్దమ్మ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అన్నయ్య మాత్రం వదిన మీద లేచాడు.

"ఎవరో రాసింది మార్చడానికి నువ్వెవరే?"

"పొడుగైన ప్యాంట్లు మీరు కత్తిరించడం లేదా?"

"అది కొలతను బట్టి."

"ఇదీ అంతే. నాకు పెద్దమ్మ ముఖ్యం, ఆ రాసేవాళ్ళు కాదు."

అన్నయ్య మళ్ళీ కత్తెర అందుకున్నాడు. కష్టాలన్నీ వదినకు ఆ తర్వాత మొదలయ్యాయి. తర్వాతి భాగమంతా అక్క కుమిలిపోవడమే. అది చదవడానికి లేదు. కాబట్టి గుమస్తా కుమిలిపోయాడు. వాడికి మీసం వచ్చింది, ఉబ్బసం వచ్చింది, ఆఫీసులో పై అధికారి మీద పాత పగ వచ్చింది. ఫోన్ వైపు చూస్తూ, లేనిదంతా గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంటే, చెప్పొద్దూ, నాకు ముచ్చటేసేది. ఎటొచ్చీ నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు ఆవిడకు.

"పోయినవారం వీడికి పెళ్ళాం ఉంది కదే?" అంది పెద్దమ్మ ఒకసారి, తలెత్తకుండా.

వదిన నీళ్ళు నమిలింది. "ఉండేది పెద్దమ్మా. వదిలేసి వెళ్ళిపోయింది."

"మంచిపని చేసింది."

కాలర్లమ్మాయి నవ్వాపుకోలేక, కత్తెర పడిందని వంక పెట్టి బల్ల కిందికి దూరింది.

అక్కడ అసలు సీరియల్ చదివేవాళ్ళు రెండు జట్లయి జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు. అక్కను క్షమించాలని ఒక జట్టు, చస్తే క్షమించకూడదని ఒక జట్టు. నేను రెండో జట్టు. నాకు గడ్డి పెట్టిన పళ్ళ డాక్టరు కూడా అందులోనే చేరడంతో మేమిద్దరం ఆప్తులమయ్యాం. ఆ ఊపులో మెట్ల భాగం వచ్చింది. మేడ కూలిపోతోంది, అక్క పై అంతస్తులో చిక్కుకుంది, ఆ పిల్ల వచ్చి మెట్లను భుజం మీద మోస్తూ నిలబడింది. అసలు కథలో ఆ చోట ఆమె ఒకే ఒక్క మాట అంటుంది. వదిన దాన్ని ఎత్తేసింది. బదులుగా అక్కాచెల్లెళ్ళను కావలించుకోబెట్టి ఏడిపించింది, గుమస్తాను రాళ్ళ కింద పెట్టింది. అబద్ధమని తెలిసి కూడా మాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇస్త్రీ బల్ల మీద ఒక చొక్కా మాడింది. పెద్దమ్మ మాత్రం సూదీ దారం డబ్బాలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

సోమవారం ఆవిడ పనిలోకి రాలేదు. కబురూ లేదు. మర్నాడూ అంతే. కాజాలు లేని చొక్కాలు గుట్టపడ్డాయి. వదిన అటు పోయి ఇటు వచ్చి, చివరికి నా మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"వెళ్ళిందంటావా?" అంది.

"వెళ్ళే ఉంటుందిలే. లేకపోతే ఒంట్లో బాగాలేదేమో."

"నేను ఏడుపు మరీ ఎక్కువ పెట్టానా? విసుగొచ్చి వెళ్ళడం పూర్తిగా మానుకుందేమోనే. అలాగైతే ఆవిడ అక్కడ మంచం మీదే ఉండిపోతుంది, ఈవిడ ఇక్కడ ఇలాగే ఉండిపోతుంది."

ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. ఇంతకాలం ఈవిడ గోలను చూసి నవ్వుకున్నానే గాని, ఇంత ప్రేమ ఉందని పట్టించుకోలేదు. నేను ఆవిడ ఒళ్ళో ఉన్న చొక్కా తీసుకుని ఊరికే మడతపెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చింది. ఏమీ జరగనట్టే తన చోట కూర్చుని, గుట్టలోంచి పై చొక్కా లాక్కుంది. మిషన్లన్నీ ఆగాయి.

"మా చెల్లి నడుస్తోంది," అంది. "నిన్న గుమ్మం దాకా వచ్చింది, నా చెయ్యి పట్టుకుని."

గది గదంతా ఒక్కసారి మాట్లాడింది. ఆ గొడవలో కూడా వదిన గొంతే పైన వినిపించింది. "నేను చెప్పలా? కథ అంటే ఏమనుకున్నారు? పందెం ఎవరు గెలిచారో చెప్పండి."

"నీ కథ కాదే," అంది పెద్దమ్మ. "మా కోడలు కూడా అదే చదువుతుంది. శుక్రవారం నేను ఇంటికి వెళ్ళగానే వినిపిస్తుంది. మొదటినుంచీ."

వదిన మొహం చూడాలి అప్పుడు. అన్నయ్య చేతిలో కత్తెర పెట్టుకుని కత్తెర వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"మరి గుమస్తా?" అంది కాలర్లమ్మాయి నెమ్మదిగా.

"వాడి కోసమే కదా ఇక్కడ విన్నది. రాళ్ళ కిందినుంచి వాణ్ణి బయటికి తియ్యండి, పాపం ఉబ్బసం మనిషి."

అందరం పడీపడీ నవ్వాం. వదిన నవ్వలేదు. కౌంటరు వదిలి వచ్చి పెద్దమ్మ ముందు నిలబడింది.

"అక్క అంత పని చేసిందని వింటే నీ మనసు విరిగిపోతుందనుకున్నాను పెద్దమ్మా. ఇక వెళ్ళవేమోనని భయమేసింది."

పెద్దమ్మ సూది ఆపి ఆవిడ వైపు చూసింది. "నీ మనసు నాకు తెలియదా? కానీ నువ్వు చదివిన అక్క ఏ తప్పూ చెయ్యలేదు. అలాంటి అక్క దగ్గరికి ఎవరైనా వెళ్తారు. మా చెల్లి చేసింది. చేసినదాని దగ్గరికి ఎలా వెళ్ళాలో నువ్వు చదివినదాంట్లో లేదే."

"అసలు దాంట్లో ఉందా?" అన్నాను. చదివినదాన్నే, అయినా అడిగాను.

"ఆ పిల్ల మెట్లు మోస్తూ ఏమంది?"

అందరికీ తెలుసు. అయినా పెద్దమ్మే చెప్పింది.

"'నిన్ను నేను క్షమించలేదు. ముందు దిగు,' అంది." కాజా చివర ముడి వేసి దారం తెంపింది. "నేనూ మంచం పక్కన నిలబడి అదే మాట అన్నాను. దిగింది."