నోరు మూయించిన గాలి

రేవులో ఆ మెకానిక్కుని అందరూ గురకల మామ అనేవారు. ఆయన గురక పెడతాడని కాదు. నీళ్ళ అడుగుకు దిగేవాళ్ళు గాలి పీల్చుకునే రెగ్యులేటరు ఎక్కడ లీకైనా దాన్ని ‘గురక’ అనడం ఆయన అలవాటు. పక్క వీధిలో సైకిలు ట్యూబులో గాలి తగ్గుతుంటే ఇక్కడ కంచం ముందునుంచి లేచిపోయేవాడని చెప్పుకునేవారు. అందులో సగం ఆయన పుట్టించిందే. మిగతా సగం ఆయన భార్య ఒప్పుకోలేదు.

ఆ రోజు బల్ల మీదున్న రెగ్యులేటరు కన్నకూతురిది. పడవల అడుగున తిరిగే పంకాలకు చుట్టుకున్న వలలు నీళ్ళలో దిగి కోయడం ఆమె పని. నోట్లో పెట్టుకునే ముక్కలోంచి గాలి సన్నగా కారుతోంది. ఆమెను పనికి పిలిచిన పడవ యజమాని గుమ్మంలో కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు.

“నా పంకాని వల మింగేస్తోంది మామా. నువ్వేమో దానికి జోల పాడుతున్నావు!”

“నువ్వు ఊరుకుంటే అదే నిద్రపోతుంది,” అని ఆయన ఆ ముక్కలోని మర కాస్త బిగించాడు. చప్పుడు ఆగిపోయింది. దీన్ని ఆ షాపులో నోరు మూయించడం అంటారు.

కూతురు రెండుసార్లు పీల్చి చూసింది. “కాస్త బిగువుగా ఉంది నాన్నా.”

“కొత్త రబ్బరమ్మా, సర్దుకుంటుంది.”

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన టీ గ్లాసు అందుకుని మళ్ళీ కింద పెట్టేశాడు. రబ్బరు కొత్తదెక్కడిది? ఆయన మార్చనే లేదు. పడవవాడి పోరు పడలేక నోటికొచ్చింది అనేశాడు. సిలిండరుకి బిగించే పెద్ద ముక్కను ఆయన ‘తల’ అంటాడు. సిలిండరులోని గాలి ఒత్తిడిని తగ్గించి పంపేది అదే. తలలో గాలిని ఆపే బిళ్ళ మీద గీత పడితే ఒత్తిడి మెల్లగా పెరిగి నోటిని తోసుకుంటూ బయటికి వస్తుంది. ఆయన తలను వదిలేసి నోరు మూయించాడు. నీళ్ళలో అది ఒక్కసారిగా తెరుచుకుంటే సిలిండరంతా చూస్తుండగానే ఖాళీ అవుతుంది. తలను పరీక్షించే మీటరు మేకుకి అలాగే వేలాడుతోంది.

కూతురికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మీటరూ, రెంచీ, విడి భాగాల డబ్బా పట్టుకుని పరిగెత్తాడు. ఆ పరుగు చూసి తరుముదామని లేచిన కుక్క కూడా మనసు మార్చుకుంది.

ఆమె అప్పటికే కాళ్ళకు ఈత రెక్కలు తొడుక్కుని పడవ అంచున కూర్చుంది.

“ఆగవే! దిగకు!”

“ఏంటి నాన్నా? ఇంట్లో ఎవరికైనా...”

“ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకా.”

మీటరు తగిలించాడు. ముల్లు చోటుకొచ్చి నిలబడింది. పడవ యజమాని నవ్వాడు. “బ్రహ్మాండంగా ఉంది కదయ్యా!”

“చూస్తూ ఉండు.”

ముల్లు వెంట్రుకవాసి పైకి జరిగింది. ఆగినట్టే ఆగి మళ్ళీ జరిగింది. పడవ యజమాని ముఖంలో నవ్వు పోయింది.

ఆయన సిలిండరు కట్టేసి, గాలి వదిలేసి తల విప్పాడు. బిళ్ళ మీద గోటికి తగిలేంత గీత కనిపించింది. కొత్త బిళ్ళ తీశాడు. తొందరలో అది జారి పడవలో పడింది. కూతురు ఏరి, మంచినీళ్ళతో కడిగి, తుడిచింది.

“నువ్వు చెప్పు, నేను పెడతా. ఏ వైపు?”

“నున్నగా ఉన్నది పైకి... ఆగు... ఆఁ, అదే.”

తల బిగించాక, తాను మూయించిన నోటి మరను ఆయనే వదులు చేశాడు. గాలి తెరిచారు. ముల్లు నిలబడింది. పడవ యజమాని లేవబోయాడు.

“కూర్చో బాబాయ్, ఇంకాసేపు చూద్దాం,” అంది ఆమె.

ముగ్గురూ ముల్లువైపే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆమె తండ్రి వైపు తిరిగింది.

“నువ్వు ఊపిరి పీల్చుకో నాన్నా. అది కదలట్లేదు.”