పైకప్పు కింద గొడుగు

మా ఎదురింటి లెక్కల సార్ పోయారు. నేను సత్యవేడులో చెల్లెలి ఇంట్లో ఉండగా ఆయన మేనకోడలు ఫోన్ చేసింది. "అక్కా, మామ తెల్లారి పోయినాడు, ఆస్పత్రిలోనే. నీకోసరం సూస్తా ఉండాము" అంది. తిరుపతి బస్సెక్కి కూర్చున్నాక నాకు మొదట తట్టిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారేమో. గూడూరు టికెట్ కలెక్టర్‌కి ఈ కబురు ఎవరు చెబుతారు, అనుకున్నాను.

ఆ టికెట్ కలెక్టర్ నా నవలలో తప్ప ఎక్కడా లేడు. అందులోనూ ఒక్క పేజీ. ఇల్లు విడిచి వచ్చిన కథానాయిక గూడూరు ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంటుంది. ఆయన వచ్చి, చేతిలో గొడుగు ముడిచి, "ఈ పొద్దుకి రైలు రాదమ్మా, ఇంటికి పో" అంటాడు. ఆమె లేచి వెళ్ళిపోతుంది. అంతటితో ఆయన పని సరి. నేను ఆయనకు పేరు కూడా పెట్టలేదు.

నా నవల చదివినవాళ్ళు తక్కువ. చదివినవాళ్ళు కథానాయిక గురించి రెండు మంచి మాటలు చెప్పి ఊరుకున్నారు. సార్ మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం పుస్తకం చంకలో పెట్టుకుని రోడ్డు దాటి మా ఇంటికి వచ్చారు. అప్పటిదాకా మా మధ్య నీళ్ళ ట్యాంకర్ వచ్చిందా లేదా అన్న మాటలే.

"ఒక సంగతి అడగాలమ్మా. ప్లాట్‌ఫారానికి పైకప్పు ఉండాదని నువ్వే రాసినావు. పైకప్పు కింద ఆయప్పకి గొడుగెందుకు?"

"చేతిలో ఏదో ఒకటి ఉంటే బాగుంటాదని పెట్టినాను సార్. నేనంత ఆలోచించలేదు."

"అట్లంటే ఎట్లా? తడిసిపోతా దిగే మనిషెవరో ఉండారు. ఆ మనిషి కోసరం తెచ్చినాడు. రైలు రాదని నీ పిల్లకి చెప్పినాడే, అది ఆ పిల్లకి మాత్రమే చెప్పిన మాట కాదు. తనకి తాను చెప్పుకున్నాడు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "గొడుగు నువ్వు పెట్టినావు. పట్టుకునింది ఆయప్ప. రెండూ ఒకటి కాదు" అన్నారు.

అది మొదలు ఆదివారాలన్నీ టికెట్ కలెక్టర్‌వే. ఆయన ఊరేది, ఒక్కడే వండుకుంటాడా, ఆ 'అమ్మా' అన్న పిలుపులో అలసట ఉందా ఆప్యాయత ఉందా. సార్ ఒక్కో వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివేవారు, క్లాసులో లెక్క చదివినట్టు. చెవి మీద పెన్సిల్ ఉండేది గానీ పుస్తకంలో ఒక్క గీత గీయలేదు. నేను ప్రతిసారీ "అంత లేదు సార్" అనేదాన్ని. "లెక్కలో ఇచ్చింది కొంత ఉంటాది, ఇయ్యంది కొంత ఉంటాది. మనం కనుక్కోవాల్సింది ఇయ్యందే గదా" అనేవారు ఆయన. బయటికి ఒప్పుకోలేదు గానీ, శనివారం వచ్చేసరికి నేను కూడా ఏదో ఒకటి ఆలోచించి పెట్టుకునేదాన్ని. ఒంటరిగా రాసుకునే మనిషికి తన వాక్యం ఇంకొకరి నోట వినబడితే ఎట్లా ఉంటుందో రాసేవాళ్ళకే తెలుస్తుంది.

నేను గూడూరులో ఎప్పుడూ రైలు దిగలేదని ఒకరోజు మాటల్లో బయటపడింది. సార్ నివ్వెరపోయారు. "సూడకుండానే రాసేసినావా?" అని, మరుసటి వారమే నన్ను వెంటబెట్టుకుని పాసింజరు ఎక్కారు.

గూడూరు స్టేషన్‌లో దిగి, నా పుస్తకంలో ఉన్న సిమెంటు బెంచీ కోసం ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచారు. నేను రాసిన చోట బెంచీ లేదు, కుళాయి ఉంది. "తీసేసి ఉంటారు" అని ఆయనే సర్దుకున్నారు. తర్వాత స్టేషన్ బయట సందుల్లోకి నడిచాం. నిమ్మకాయల బస్తాలు ఎత్తుతున్న లారీ దాటాక, నీలం తలుపున్న ఒక చిన్న ఇంటి ముందు ఆగిపోయారు.

"ఈ ఇల్లే" అన్నారు.

నేను వారించేలోపే తలుపు తట్టారు. ఒక నడివయసు ఆమె బియ్యం చేట పట్టుకుని బయటికొచ్చింది. "ఎవరు కావాల?"

"ఈడ టికెట్ కలెక్టర్ ఒకాయన ఉండేవాడు. ఒంటి మనిషి."

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. ఆమె మాత్రం ఏమీ వింతపడలేదు. "ఆయనా? ఖాళీ చేసి పొయ్యి శానా కాలమాయె. యాడికి పోయినాడో మాకు తెలీదు. మీరు బంధువులా?"

సార్ గొంతు సవరించుకున్నారు. "తెలిసినవాళ్ళమమ్మా."

ఆమె మంచినీళ్ళిచ్చింది. స్టేషన్ పక్క వీధి, రైల్వే వాళ్ళెవరో అద్దెకు ఉండే ఉంటారు, అందులో విశేషమేమీ లేదని తిరుగు రైల్లో నేను వివరించబోయాను. సార్ వినలేదు. కిటికీ లోంచి చూస్తూ, "ఉండినాడు సూడు" అన్నారు. ఆ మాటలో గెలిచిన సంబరం లేదు. ఆలస్యంగా వచ్చి ఎవరినో కలవలేకపోయిన మనిషిలా ఉన్నారు.

అప్పుడు అడిగాను. "సార్, మీరెందుకు పెళ్ళి చేసుకోలేదు?"

ఆయన నా వైపు తిరిగి నవ్వారు. "కుదర్లేదమ్మా. అంతే."

"అంతేనా?"

"అంతే. మనుషులకి అంతే ఉంటాది. ఇంకా ఏమన్నా ఉంటే పుస్తకాల్లో వాళ్ళకే."

నేను ఆ జవాబును నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదు. అడగడానికి ఇప్పుడు ఆయన లేరు.

నేను సత్యవేడు బయల్దేరే ముందురోజు ఆస్పత్రికి వెళ్ళాను. మేనకోడలు సార్‌కి గంజి తాగిస్తోంది. రెండు గుక్కలు తాగి, చాలని చెయ్యి అడ్డం పెట్టారు. ఊపిరి అందక మాటలు తెగి తెగి వస్తున్నాయి.

"ఇంక ఆయప్పని నువ్వే సూసుకోవాలమ్మా."

మేనకోడలు బిత్తరపోయి నా వైపు చూసింది. "ఎవరిని మామా? ఎవరుండారు?"

"సూసుకుంటాను సార్" అన్నాను. "కానీ నాకేం తెలీదు ఆయన గురించి. మీకే తెలుసు."

"తెలుస్తాదిలే" అన్నారు. కళ్ళు మూసుకున్నారు. నేను కాసేపు ఆ మంచం పక్కనే కూర్చుని వచ్చేశాను.

తెలియలేదు. ఆయన పోయాక వచ్చిన ఆదివారం ఆ పేజీ తీసి సార్ లాగే పైకి చదివాను. రెండోసారి కూడా చదివాను. గొడుగు ముడిచాడు, రైలు రాదన్నాడు, ఆమె వెళ్ళిపోయింది. ఇంకేమీ కనబడలేదు. ఆ మనిషి ఏం తింటాడో, ఎవరి కోసం స్టేషన్‌కి వచ్చాడో తెలిసినవారు సార్ ఒక్కరే. రాసింది నేనే అయినా, మిగిలిన ఆ మనిషంతా ఆయనతోనే పోయాడు. మంచి పాఠకుడు పోతే పుస్తకం కూడా కొంత పోతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

కర్మాంతరాలు అయ్యాక ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిసి సాయానికి వెళ్ళాను. మేనకోడలు మిద్దె మీద ఉంది. పిట్టగోడ మీద రెండు దిండ్లు ఎండకు వేసి, కర్రతో దుమ్ము దులుపుతోంది. ఒకటి వెలిసిపోయి దూది గడ్డకట్టింది. రెండోది మెత్తగా ఉంది. దాని గలేబుకు అంచు పొడవునా సన్నటి తెల్లదారం కుట్టు.

"ఒక్క మనిషికి రెండెందుకు?" అన్నాను.

"మామకి మెడనొప్పి గదక్కా. ఎత్తుగా ఉండాలని రెండు పెట్టుకునేవాడు" అంది ఆమె. చెమట తుడుచుకుంటూ కిందికి దిగిపోయింది.

నేను అక్కడే నిలబడ్డాను. అది చేత్తో వేసిన కుట్టు. రోజూ తల ఆనించి ఉంటే ఆ దిండు కూడా మొదటిదానిలాగే గడ్డకట్టి ఉండేది. తిరుమల కొండ మీది నుంచి గాలి వచ్చినప్పుడు ఆ గలేబు అంచు కొంచెం లేచి, మళ్ళీ దిండుకు అంటుకుంటోంది.