మామగారి కొసరు

మా మామగారి చెయ్యి మంచిది కాదు. దొంగ చెయ్యి అని కాదు నా ఉద్దేశం, దానికి ఆగడం తెలియదు. తవ్వ నిండా బియ్యం కొలిచి, పైన అరచేత్తో గీసి, ఎదుటివాళ్ల గుడ్డలో పోశాక అదే చెయ్యి మళ్లీ బస్తాలోకి వెళ్లి కొసరు తీసేది. రాజాంలో కొసరు వెయ్యని వర్తకుడు లేడు, కాదనను. కానీ వాళ్లు విదిలించేది నాలుగు గింజలు. మా మామగారిది నిండు గుప్పెడు.

నేను నెల్లిమర్ల పిల్లని. మా నాన్నది జూటు మిల్లులో పని. మిల్లు కూతకి లేచి, కూతకి తిని, కూతకి పడుకున్న ఇల్లు మాది. కొలతంటే కొలతే అని పెరిగినదాన్ని. ఇక్కడ ముందు కొట్టు, వెనక ఇల్లు కావడంతో, వంటింటి గుమ్మంలోంచి రోజూ ఆ గుప్పెడు చూసి పళ్లు నూరుకునేదాన్ని.

యుద్ధానికి ముందు ఆ గుప్పెడు ఎవరికీ బరువు కాలేదు. పైగా దాని కోసమే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా కొట్టు వెతుక్కుంటూ వచ్చేవారని అత్తగారు గొప్పగా చెప్పేవారు. తరవాత రంగూన్ బియ్యం ఆగిపోయాయి. కిరసనాయిలు, పంచదార, కందిపప్పు ఒక్కొక్కటే కొట్టు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. చివరికి కంట్రోలు బియ్యం అమ్మే పర్మిట్టు ఒక్కటే మాకు దిక్కయింది. కార్డుకి ఎన్ని తవ్వలో సర్కారు చెబుతుంది. సప్లై ఇన్‌స్పెక్టరు ఎప్పుడైనా వచ్చి మిగిలిన బియ్యం కొలిపించవచ్చు. తేడా వస్తే పర్మిట్టు పోతుంది, పర్మిట్టు పోతే కొట్టు మూసెయ్యడమే.

ఇదంతా మామగారికి తెలుసు. ఆ చేతికే తెలియదు. బళ్ల వెంట ఊళ్లు తిరిగే మా ఆయన ఇంటికొచ్చినప్పుడు ఒకసారి గట్టిగానే అడిగారు. మామగారు ఆశ్చర్యపోయి చూశారు.

"కొసరు నేని కొలత కొలతేట్రా?" అన్నారు. కొసరు లేకపోతే అది కొలతే కాదని ఆయన లెక్క. అక్కడితో ఆ సంగతి అయిపోయింది.

నాకు ఒళ్లు మండింది. కానీ మండి ఏం లాభం? పుట్టింటి నుంచి అమ్మ పంపిన దంపుడు బియ్యం నా గదిలో ఓ పెద్ద కుండ నిండా ఉన్నాయి. పొద్దున్నే కొట్టు తుడిచే వంకన వెళ్లి, ముందురోజు ఎన్ని గుప్పిళ్లు పోయాయో అంచనా కట్టి, అన్ని గుప్పిళ్లూ కుండలోంచి తెచ్చి కంట్రోలు బస్తాలో పోసి వచ్చేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే మామగారు చిన్నబోతారు.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో సాయంత్రం అన్నం మానేసి చోళ్ల అంబలి, అంటే రాగి అంబలి, మొదలైంది. అడిగితే అత్తగారు "సలవ సేత్తాది" అనేవారు. ఇంటి బియ్యం కుండ మూత నన్ను ముట్టనిచ్చేవారు కాదు. ఎంత పిసినారి మనిషో అని లోపల్లోపల తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మామగారు మాత్రం ఒక్క మాట అడక్కుండా అంబలి తాగేవారు.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు, వీధిలో కార్డుల వాళ్లంతా నిలబడి ఉండగా. బస్తాలు కొలిపించాడు. తలుపు వెనక నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. బియ్యం తగ్గలేదు. రెండు కుంచాలు ఎక్కువొచ్చాయి.

"అంటే జనానికి తక్కువ కొలిచి మిగుల్చుకున్నావన్నమాట," అన్నాడాయన.

పర్మిట్టు పోతుందన్నా మామగారు అంతలా అయిపోయేవారు కాదేమో. బియ్యంలో చెయ్యి పెట్టి, అది తన చెయ్యి కానట్టు చూస్తూ నిలబడ్డారు. ఆ మనిషి మీద ఆ మాటా! నా కళ్లు నిండిపోయాయి.

అప్పుడు, పరాయి మగవాళ్లుంటే కొట్టు గడప దాటని అత్తగారు తలమీద కొంగు సర్దుకుని బయటికి వెళ్లారు.

"ఆ బియ్యం నావి బాబూ. ఈయన కొసరేసిందల్లా నాను మద్దేనం ఈయన పడుకున్నాక తిరిగి పోత్తన్నాను," అన్నారు.

ఇన్‌స్పెక్టరు వెంటనే పట్టుకున్నాడు. పోయినంత పోస్తే సరికి సరి ఉండాలి కదా, ఎక్కువెలా వచ్చిందని అడిగాడు. దానికి జవాబు తలుపు వెనక నా దగ్గరుంది. నేనూ గడప దాటి వెళ్లి, పొద్దున్న నేనూ పోస్తున్నానని చెప్పాను. అత్తగారు నావైపు తిరిగి చూసిన చూపు ఈనాటికీ మరిచిపోలేను.

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. దోసెడు బియ్యం తీసి ఎండలో పట్టి చూశాడు. తెల్లటి మిల్లు బియ్యంలో ఎర్రటి దంపుడు గింజలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఈలోగా వీధిలో ఒక ముసలామె తన గుడ్డ విప్పి, మూలన చిక్కుకున్న మొన్నటి బియ్యంలోనూ ఎర్ర గింజలున్నాయని చూపించింది. ఆయన తన కాయితం అటూ ఇటూ తిప్పి చూశాడు. జనం బియ్యం తినేసినవాళ్ల మీద రాయడానికి కాయితంలో గడి ఉంది గాని, తమ బియ్యం జనానికి పెట్టినవాళ్ల మీద రాయడానికి లేదని విసుక్కున్నాడు. ఇంకోసారి కొసరు వేస్తే మాత్రం పర్మిట్టు రద్దు చేస్తానని చెప్పి సరిపోయిందని రాసేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మామగారు పీట మీద కూర్చున్నారు. ముందు అంబలి గిన్నె. ఇన్ని నెలలు అది ఎందుకు తాగుతున్నారో ఆయనకి ఆ రోజే తెలిసింది. గిన్నె ముట్టుకోలేదు. రేపటి నుంచి కోడలు కొలుస్తుందన్నారు. ఇంకాసేపటికి అత్తగారి వైపు చూడకుండానే అన్నారు.

"ఒక్క మాట సెప్పుంటే మానేద్దును కదే."

"మానేత్తారనే సెప్పనేదు," అన్నారు అత్తగారు.

ఆయన తల వంచుకుని గిన్నె ఎత్తి మొత్తం తాగేశారు. ఖాళీ గిన్నెలో నేను ఇంకో గరిటె పోశాను. వద్దనలేదు.