దొరకని పాదాలు

శనివారం పొద్దున ఆరున్నరకి మా గ్రూపులో మెసేజ్ వచ్చింది. "నాన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఈ రోజు క్లాస్ లేదు." పెట్టింది మాస్టారి కూతురు, ఆయన ఫోన్ నుంచే.

మొదటి వాక్యం బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. రెండో వాక్యానికి మాత్రం వెంటనే ఒళ్ళు మండింది. మూడేళ్ళలో ఆ నంబరు నుంచి "క్లాస్ లేదు" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. కెనడాలోని మా గ్వెల్ఫ్ ఊళ్ళో బస్సులు ఆగిపోయిన మంచు తుఫాను రోజున కూడా రాలేదు. నేను కోటు వేసుకుని బయల్దేరాను. క్లాసు జరిగే పార్కింగ్ లాట్‌కి వెళ్ళేసరికి అక్కడ పదకొండు మంది ఉన్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

మాస్టారు చైనా యుద్ధవిద్య నేర్పేవారు. వయసు డెబ్బై తొమ్మిది. సినిమాల్లోలాగా గాల్లో ఎగిరే గడ్డపు గురువును ఊహించుకుంటే మీకు నిరాశే. మనిషి నా భుజం దాకా వస్తారు. పాత నీలం స్వెటరు, పల్చటి అడుగున్న బూట్లు, జేబులో ఎప్పుడూ అల్లం బిళ్ళలు. వాళ్ళవాళ్ళు ఆయన్ని షిఫు, అంటే గురువు, అనేవారు. మేము మాస్టారు అన్నాం. ఆ పిలుపును ఆయన రెండుసార్లు పలికి చూసుకుని, బాగానే ఉందన్నట్టు తలూపారు.

నేను ఆయన శిష్యురాలినైంది ఒక అబద్ధం వల్ల. కాలేజీ లెటర్లు పట్టుకుని మా వాళ్ళంతా విమానాల నిండా దిగుతున్న ఏడాది అది. సిద్దిపేట నుంచి నేనూ దిగాను. ఒక బేస్‌మెంట్‌లో ఏడుగురు అమ్మాయిలం. బస్సులు మాలాంటి వాళ్ళతో కిక్కిరిసి, స్టాపులో ఆగకుండా వెళ్ళిపోయేవి. జనవరిలో ఒక సాయంత్రం మూడు బస్సులు అలా వెళ్ళిపోయాక, కాళ్ళు తిమ్మిరెక్కి, ఎదురుగా ఉన్న కమ్యూనిటీ హాలు తలుపు తోసుకుని లోపలికి దూరాను. హాలు చూసుకునే కమిటీ ఆవిడ వచ్చి, ఇది వెయిటింగ్ రూమ్ కాదమ్మా, బయటికి వెళ్ళమంది. లోపల్నించి ఒక ముసలాయన గొంతు వినిపించింది.

"ఆ అమ్మాయి నా స్టూడెంట్. లేటుగా వచ్చింది."

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన నా వైపు తిరిగి, "నేను అబద్ధం చెప్పను. కాబట్టి ఇప్పుడు నిలబడు," అన్నారు.

నిలబడటం అంటే మోకాళ్ళు కొంచెం వంచి, చేతుల్ని గంగాళం కౌగిలించుకున్నట్టు పెట్టి, కదలకుండా ఉండటం. మూడు నెలలు అదే. తన్నడం లేదు, గుద్దడం లేదు. నన్ను చూసి నా రూమ్మేట్ వచ్చింది. దాన్ని చూసి ఇంకో పదిమంది వచ్చారు. కాకినాడ పిల్ల నా రూమ్మేట్, దానికి ఓపిక తక్కువ.

"ఏమేవ్, ఈయన ఎప్పటికైనా తన్నడం నేర్పుతారంటావా?" అంది ఒకరోజు, తొడలు పట్టుకుని కుంటుతూ.

"నేర్పుతరో లేదో నాకెర్క లేదు. ఆడ హీటర్ అయితే ఉంటది గద," అన్నాను.

ఫీజెంతని అడిగితే మూల ఉన్న చీపురు చూపించారు. సర్టిఫికెట్ల కోసం సముద్రాలు దాటొచ్చిన వాళ్ళం కదా, మొదటి వారంలోనే సర్టిఫికెట్ ఇస్తారా అని కూడా అడిగేశాం. "నీ మోకాళ్ళని అడుగు. అవి ఇస్తే నేను సంతకం పెడతాను," అన్నారు.

ఆయన కథ మాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. దక్షిణ చైనాలో ఒక నది ఒడ్డు పట్టణంలో పుట్టారు. ఏడో ఏట మేనమామ దగ్గర విద్య మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు ఈ విద్యనే అనుమానంగా చూసే కాలం వచ్చింది. అప్పుడు మామా అల్లుళ్ళు ధాన్యం కొట్టులో తలుపేసుకుని సాధన చేసేవారట. చప్పుడు బయటికి పొక్కకూడదు. అందుకే తనకు అన్నిటికన్నా బాగా వచ్చింది నిలబడటమే అనేవారు. ముప్ఫై దాటాక కెనడా వచ్చి ఒక హోటల్ వంటింట్లో కూరగాయలు తరిగారు. తర్వాత ఇరవై ఏళ్ళు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేశారు. రోజూ షిఫ్ట్ అయ్యాక పాఠం. ఒకాయన వచ్చి ఊరూరా బ్రాంచీలు పెడదాం, పిల్లలకు రంగురంగుల బెల్టులిద్దాం అన్నాడట. "నా ప్యాంటు జారదు, బెల్టు ఎందుకు?" అని పంపించేశారట. ఇంకోసారి ఒక జిమ్ ట్రైనర్ సవాలు చేయడానికి వచ్చి, పావుగంట సేపు ఆయన్ని తోసి తోసి అలిసిపోయి, ఆ తర్వాత ఆరేళ్ళు ఆ హాలు ఊడ్చాడు. ఆ ట్రైనర్‌ని నేను చూశాను. ఇప్పుడు అతనికీ జుట్టు నెరిసింది.

మొదటి సెమిస్టర్ పాసైన రోజు సంతోషం పట్టలేక, చెప్పాపెట్టకుండా వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టబోయాను. పాదాలు కనిపించాయి, అంతలోనే మాయమయ్యాయి. నా భుజం మీద ఒక అరచెయ్యి పడింది. మరుక్షణం నేను నేల మీద కూర్చుని ఉన్నాను. దెబ్బేం తగల్లేదు, పరువే పోయింది.

"కాళ్ళ మీదికి ఎవరైనా వస్తే ఏం చేయాలో డెబ్బై ఏళ్ళు నేర్చుకున్నాను. నువ్వేం చేస్తున్నావు?" అన్నారు ఆయన, నాకన్నా ఎక్కువ కంగారుపడి.

మా ఆచారం ఇదీ అని చెప్పాం. ఆయన చాలాసేపు నవ్వారు. "సరే. దొరికితే తీసుకో," అన్నారు.

ఇక అదో ఆట అయింది. నా రూమ్మేట్ లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తూ వెళ్ళింది. ఒకడు పుట్టినరోజని చెప్పి వెళ్ళాడు. ఒక్కరికీ దొరకలేదు. నేను మాత్రం ప్రతి శనివారం ప్రయత్నించేదాన్ని. ప్రతి శనివారం భుజం మీద చెయ్యి పడేది.

మేము ముప్ఫైమంది అయ్యాక హాలు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పాత సభ్యులైతే రావచ్చు, కాలేజీ విద్యార్థులు మాత్రం వద్దు, రద్దీగా ఉంటోంది. ఆ కమిటీ ఆవిడ చెడ్డ మనిషి కాదని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. అదే హాల్లో బింగో ఆటకి వచ్చేవాళ్ళు మాకు రెండింతలు ఉండేవారు. పాత సభ్యులంటే మాస్టారికి ఐదుగురు. వాళ్ళతో హాయిగా హీటర్ పక్కన పాఠం చెప్పుకోవచ్చు. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, దాని మీద హాలు తాళంచెవి పెట్టి ఆవిడ ముందుకు జరిపారు.

"వీళ్ళు లోపలికి వచ్చేశారు. కాబట్టి వీళ్ళూ పాతవాళ్ళే," అన్నారు.

ఆ తర్వాతి శనివారం నుంచి మూసేసిన ఒక ఫర్నిచర్ షాపు వెనక పార్కింగ్ లాట్‌లో పాఠం. ఆ ఐదుగురూ కూడా మాతోనే వచ్చారు. అలా రెండు చలికాలాలు. "మీరు నిలబడండి చాలు. కదిలించడం ఎదుటివాళ్ళ పని," అనేవారు మాస్టారు, నోట్లోంచి ఆవిరి వస్తుండగా. మా ఇంటి ఓనరు రెండు రోజుల్లో బేస్‌మెంట్ ఖాళీ చేయమని గుమ్మంలో నిలబడి అరిచినప్పుడు, నేను మోకాళ్ళు కొద్దిగా వంచి, ఊపిరి కిందికి దించి, "కాగితం మీద రాసివ్వండి," అన్నాను. కాళ్ళు వణకలేదు. ఆయనా రాసివ్వలేదు. అది నాకు మాస్టారు ఇచ్చిన సర్టిఫికెట్.

ఈ డిసెంబరులో మాస్టారి కూతురు నాకు ఫోన్ చేసింది. ఆవిడకు యాభై ఉంటాయి, మా ఊరికి గంట దూరంలో రిచ్‌మండ్ హిల్‌లో ఉంటుంది. "నా మాట వినరు. ఆయన గుండె బాగాలేదు. మీరందరూ రావడం మానేస్తే ఆయనే మానేస్తారు. నాకు మాటివ్వు," అంది. గొంతులో ఏడుపుంది. మాటిచ్చాను. అందరికీ చెప్పి ఆపాను.

ఒక శనివారం గడిచింది. రెండో శనివారం ఉండబట్టలేక బస్సెక్కాను. ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు. టోపీ మీద, భుజాల మీద మంచు పేరుకుంది.

"ఎవరూ రారు మాస్టారూ. ఇంటికి వెళ్దాం పదండి," అన్నాను.

"శనివారం వచ్చింది కదా."

"మీ అమ్మాయి భయపడుతోంది."

"తెలుసు. ఆరేళ్ళప్పుడు తనకి నిలబడటం నేర్పాను. అందుకే అదీ కదలదు." నా వైపు తిరిగి అన్నారు. "నువ్వు వణుకుతుంటే నేను లోపలికి పిలిచాను. ఇప్పుడు నువ్వు నన్ను లోపలికి పంపిస్తావా?"

నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆ వారమే గ్రూపులో రాశాను, అందరూ రండని. తొమ్మిది శనివారాల తర్వాత ఆయన పోయారు.

చలిలో ఆ పెద్దాయన్ని నిలబెట్టి పిల్లలు చంపేశారని మన తెలుగు ఆంటీలు ఇద్దరు ముగ్గురు అన్నారట. ఆ మాటను నేను తీసుకోను. ఆయన్ని ఎవరూ నిలబెట్టలేదు, ఆయనే నిలబడ్డారు. డెబ్బై ఏళ్ళు చేసిన పనిని ఆఖరి తొమ్మిది వారాలు కూడా చేశారు. అయితే ఒకటి, మాట తప్పింది నేనే. ఆ బరువు నా మీద ఉంది, ఉండనీ.

ఫ్యూనరల్ హోమ్‌లో మాస్టారి కూతురు నన్ను చూసింది. "మాటిచ్చావు," అంది.

"ఇచ్చాను. తప్పాను. మళ్ళీ అడిగినా తప్పుతాను," అన్నాను.

పెట్టె దగ్గరికి వెళ్ళాను. ఇక్కడి పద్ధతి ప్రకారం పైసగం తెరిచి ఉంది. నీలం స్వెటరు, నిద్రపోతున్నట్టున్న ముఖం. కిందిసగం మూసి, దాని మీద పూలు పెట్టారు. పాదాలు ఆ మూత కింద ఉన్నాయి. నాకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో కూతురికి అర్థమైంది.

"ఆ ఆట గురించి నాన్న ప్రతి వారం చెప్పేవారు," అంది. "మూత తీయించనా?"

"వద్దు," అన్నాను. "దొరకలేదు కదా. దొరకలేదనే ఉండనివ్వండి."

తర్వాతి శనివారం ఎండ కాసింది. లాట్‌లో మంచంతా కరిగి నీళ్ళయింది. మేము ఇరవై ఎనిమిది మందిమి. కూతురి కారు గేటు దగ్గర ఆగి ఉంది. ఆవిడ దిగలేదు, వెళ్ళిపోనూ లేదు. మాస్టారు ఎప్పుడూ నిలబడే చోట మాత్రం, చలికాలమంతా తొక్కి తొక్కి గట్టిపడిన మంచు రెండు పాదాల ఆకారంలో ఇంకా కరగకుండా ఉంది. అంతటా తడి తారు, మధ్యలో రెండు తెల్లటి అడుగులు.

నేను వెళ్ళి వంగి, రెండు చేతులతో వాటిని ముట్టుకున్నాను. అలవాటు కొద్దీ, భుజం మీద చెయ్యి పడుతుందని కాసేపు అలాగే ఉండిపోయాను.