నలుపు చాల్లేదన్నారండీ!

నా రంగు సంగతి మీకు తెలుసు కదండీ. చిన్నప్పటినుంచీ నన్ను చూసి "పిల్ల కళగా ఉంది" అనేవాళ్లే తప్ప, రంగు మాట ఎత్తినవాళ్లు లేరు. అలాంటి నా మొహానికి నలుపు చాల్లేదని, పైన ఇంకో కోటింగ్ వేశారంటే నమ్ముతారా? వేయించుకున్నదీ నేనే!

మా మేనమామ కొడుకు ప్రవీణ్ తాడేపల్లిగూడెంలో పెళ్లి వీడియోలు తీస్తాడు. వాడికో యూట్యూబ్ చానెల్ కూడా ఉంది. పోయిన నెల ఏలూరులో మా ఇంటికొచ్చి, "వదినా, ఒక పాట రాశానండీ. తెల్లపిల్లే కావాలని తిరిగే అత్తగార్ల మీద సెటైర్. చర్చిలో మీరు పాడితే అందరూ తలతిప్పి చూస్తారు. ఇందులో పాడేదీ మీరే, పెళ్లికూతురూ మీరే!" అన్నాడు.

ఆ అత్తగార్ల మీద నాకూ కసి ఉందిలెండి. నన్ను చూడ్డానికొచ్చి, కాఫీ తాగి, "ఇంటికెళ్లి కబురు చేస్తామండీ" అన్నవాళ్లు ఇప్పటికీ ఇంటికి చేరలేదు! సరేనన్నాను.

కొల్లేరు గట్టు మీద షూటింగ్. తెల్లచీర, మల్లెపూలు, మంచి ఎండ. ప్రవీణ్ కెమెరాలో చూసి బుర్ర గోక్కున్నాడు.

"వదినా, చిన్న ప్రాబ్లమండీ. మీరు తెల్లగా పడుతున్నారు."

ఆ మాట వినడం జన్మలో అదే మొదటిసారి! "ఏదీ, మళ్లీ చెప్పరా" అన్నాను. వాడు చెప్పలేదు. కాటుకలో కొబ్బరినూనె కలిపి మొహానికి, మెడకి, చేతులకి పట్టించాడు. "సెటైరంటే కొంచెం ఎక్కువే ఉండాలండీ" అని నాకే పాఠం!

పాట సగమయ్యేసరికి కాటుక కరిగి చీర మీదకి దిగింది. పక్క చేపల చెరువులో మేత వేస్తున్న పెద్దాయన పడవ ఆపేశాడు. "అయ్యో, స్టవ్వు పేలిందా తల్లీ? ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి బాబూ! ఆ వీడియోలేంటి?"

సబ్బుతో ఎంత రుద్దినా వదిలితేగా! బైకు సీటుకి మరకలవుతాయని ప్రవీణ్ నన్ను బస్సెక్కించాడు. ఏలూరు దాకా నా పక్క సీట్లో ఒక్కరూ కూర్చోలేదండీ.

వీడియో పెట్టాక మాత్రం ఫోన్ మోత! అందరూ నవ్వుతున్నారు. నేను స్టారైపోయాననే అనుకున్నాను. ఆదివారం నాకు జలుబు చేసి ఇంట్లో ఉన్నాను. చర్చినుంచి వచ్చిన అమ్మ బైబిలు బల్ల మీద పెట్టి, నా ఎదురుగా కూర్చుంది. నా రంగు ఆవిడ ఇచ్చిందే.

"మన చర్చి మార్తమ్మగారి మనవరాలు లేదూ, మన రంగు పిల్ల, ఈరోజు రాలేదు. తెలుసా? బళ్లో పిల్లలంతా 'కాటుకడబ్బా' అంటున్నారంట, ఇక బడికెళ్లనని ఏడుస్తోందంట. నీ పాటలో మాటేగా అది?"

"అమ్మా, అది సెటైర్! మనల్ని వెక్కిరించేవాళ్లనే మనం వెక్కిరించడం."

"అవునా? మరి జనం నవ్వేది వాళ్ల మొహం చూసా, నీ మొహం చూసా?"

ఫోన్ తీశానండీ. కామెంట్లు మళ్లీ చదివాను. అమావాస్య, తారు డ్రమ్ము, బొగ్గు బస్తా! అత్తగార్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

వెంటనే ప్రవీణ్‌కి ఫోన్ చేసి వీడియో తీసేయమన్నాను.

"వదినా! ఫారిన్లో పెద్దపెద్ద సింగర్లే మొహానికి నలుపు పూసుకుని ఇలాంటివి తీశారండీ!"

"తీశారు. జనం చేత తిట్లూ తిన్నారు. వాళ్లూ నీలాగే సెటైరన్నారు."

"వ్యూస్ పోతాయండీ..."

"అక్కడ మార్తమ్మగారి మనవరాలు 'కాటుకడబ్బా' అనిపించుకుని బడికెళ్లనని ఏడుస్తోందిరా!"

సరేనన్నాడు. తీసేశాడు. సాయంత్రం ఇద్దరం మార్తమ్మగారింటికి వెళ్లి సారీ చెప్పాం. ఆ పిల్ల తలుపు చాటునుంచే, "ట్యూను బాగుందక్కా. ఆ మాట ఒక్కటీ తీసేసి మళ్లీ పాడండి" అంది.

మళ్లీ తీశాం. ఈసారి రంగూ లేదు, కాటుకడబ్బా అనే మాటా లేదు. అత్తగారి వేషం మా అమ్మే వేసింది. కాఫీ కప్పు పట్టుకుని, "అమ్మాయి కొంచెం రంగు తక్కువండీ" అని మూతి తిప్పేసరికి, చూడ్డానికొచ్చిన మార్తమ్మగారి మనవరాలు పడీపడీ నవ్వింది. హమ్మయ్య, ఇప్పుడు దారిలో పడ్డామనుకున్నాను.

వీడియో పెట్టి కామెంట్ల కోసం కూర్చున్నానండీ. మొదటిది జంగారెడ్డిగూడెంనుంచి ఒకావిడ రాసింది. "సిస్టర్, పాత వీడియోకీ దీనికీ ఎంత తేడా! కొద్ది రోజుల్లోనే ఇంత తెల్లబడ్డారా! ఏ క్రీము వాడారో ప్లీజ్ చెప్పండి."

ఓపిగ్గా జవాబు రాశాను. "క్రీమేమీ లేదండీ. అప్పుడు రంగు పూసుకున్నాను, తర్వాత సబ్బుతో కడుక్కున్నాను."

నిమిషంలో తిరుగు జవాబు! "ఏ సబ్బండీ?"

జనానికి తెల్లతోలు పిచ్చి వదిలిద్దామని పాటెత్తుకుని, సబ్బు యాడ్ చేసొచ్చినదాన్ని నేనొక్కదాన్నేనేమో!