వంగ మొక్కకి చీవాట్లు

కేకల మాస్టారు మొక్కల్ని తిడతారు. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి, బెల్లు కొట్టేదాకా ఒక్కోదాన్నీ విడివిడిగా తిడతారు. అవి ఎటూ పారిపోలేవు కాబట్టి పని సాఫీగా సాగిపోతుంది.

ముప్ఫై ఏళ్ళు ఓ పెద్ద బడిలో డ్రిల్ మాస్టారుగా చేసి, రిటైరయ్యాక ఈ చిన్న బడికి వచ్చారు. నడవలేని పిల్లలు, వినపడని పిల్లలు, పాఠం నిదానంగా తలకెక్కే పిల్లలు చదివే బడి ఇది. తోటపని నేర్పడానికి ఆయన్ని పెట్టుకున్న రోజునే పెద్ద మేడమ్ ఒక షరతు పెట్టారు.

"ఇక్కడ పిల్లల మీద గొంతు లేపకూడదు మాస్టారూ."

"మొక్కల మీద?"

మేడమ్ నిబంధనల పుస్తకం తిరగేశారు. మొక్కల గురించి అందులో ఏమీ లేదు.

ఇదంతా దగ్గరుండి చూసిన మనిషి ఆయా. పదహారేళ్ళుగా ఆ పిల్లల్ని ఎత్తి దించుతున్న ఆవిడ, మాస్టారికి మతి కాస్త అటూ ఇటూ అయిందని మొదటి వారంలోనే తేల్చేసుకుంది. పని మాత్రం వచ్చని ఒప్పుకుంది. మొదటి నెలంతా ఆయన విరిగిన బెంచీలు బాగుచేసి, వాటి మీద చెక్కపెట్టెలు పెట్టి, మట్టి నింపారు. చక్రాల కుర్చీ తిన్నగా వాటి కిందికి వెళ్తుంది. మోకాళ్ళు తగలవు. బరువు ఎత్తలేని చేతులు నీళ్ళు పోయడానికి వీలుగా సీసా మూతలకి చిల్లులు పొడిచారు. అవన్నీ అయ్యాక నారు నాటించి, వారం ఆగి, తిట్లు మొదలుపెట్టారు.

"సిగ్గుండాలి! వేళకి నీళ్ళు, వేళకి ఎరువు. ఏం లోటు చేశాం నీకు? పక్కన మిరపని చూసి నేర్చుకో!"

వంగ మొక్క పలకలేదు.

"పొగరు కూడానూ! రేపు మీ అమ్మానాన్నల్ని తీసుకొస్తేనే నీళ్ళు!"

మర్నాడు బుల్లెట్ ఖాళీ విత్తనాల పొట్లం పట్టుకొచ్చాడు. చక్రాల కుర్చీలో తిరిగే ఆ పిల్లాడు తనకి తనే పెట్టుకున్న పేరది.

"తెచ్చా మాస్టారూ. దీని మీదున్న బొమ్మే వాళ్ళ నాన్న."

మాస్టారు పొట్లంతో అయిదు నిమిషాలు సీరియస్‌గా మాట్లాడారు. ఇంట్లో క్రమశిక్షణ బొత్తిగా లేదని తేలింది.

సైగల పిల్లకి వినపడదు. కానీ మాస్టారి మీసాలు చూస్తే చాలు, తిట్టు ఏ పాటిదో తెలిసిపోతుంది. వెంటనే రెండు చేతులూ గాలిలో ఆడించేది.

"ఏమంటోందిరా బుల్లెట్?"

"మీకే సిగ్గుండాలంటోంది మాస్టారూ."

"అలాగా. కారణం అడుగు."

కారణం చాలాసేపు వచ్చింది. మాస్టారు చేతులు కట్టుకుని పూర్తిగా విన్నారు.

అమ్మడిది ఇంకో దారి. ఆ పిల్లకి మాట నిదానం. సగంలో ఉండగానే మిగతా సగం ఎవరో ఒకరు పూర్తిచేసేస్తారు కాబట్టి మాట్లాడటమే తగ్గించేసింది. మాస్టారు తిట్టడం ఆపి, ఆ పిల్ల అడ్డుపడేదాకా నిలబడేవారు.

"దానికి... టైమ్... పడుతుంది."

"ఎంత?"

"దానికి... పట్టినంత."

ఆయాకి ఒళ్ళు మండింది. "పిల్లల ముందు ఆ అరుపులేంటండీ? అసలే కమిటీ ప్రెసిడెంటుగారు ఇక్కడ బస్సుకి షెడ్డు వేస్తానని కూర్చున్నారు. మూడు నెలల్లో కాయ కనపడకపోతే తోట పీకేస్తారట. పిల్లలు గది దాటి వచ్చేది ఈ ఒక్క గంటేగా!"

"అందుకేగా ఆయమ్మా, గట్టిగా చెప్తున్నాను," అని మాస్టారు మిరప వైపు తిరిగారు.

గడువు రోజు వచ్చింది. కాయ రాలేదు. ప్రెసిడెంటుగారు మాత్రం వచ్చారు.

ఆయన నేరుగా వంగ మొక్క దగ్గర ఆగారు. దానికి ఎర్రటి టమాటా ఒకటి వేలాడుతోంది, ఊలుదారంతో. మొక్కకి తిట్లు తప్పుతాయని పొద్దున్నే అమ్మడు తన అన్నం డబ్బాలోది తెచ్చి కట్టింది. ఆయా విప్పబోతే మాస్టారు ఉండనీమన్నారు.

"మూడు నెలలు! ఇదా కాపు?" అన్నారు ప్రెసిడెంటుగారు. "దేనికీ పనికిరావు ఇవి. పీకి పారేయించండి మేడమ్."

ఆయా మాస్టారి వైపు చూసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం చూస్తున్నారు.

బుల్లెట్ కుర్చీ తెచ్చి దారికి అడ్డంగా పెట్టాడు. "పనికిరాదని ఎలా చెప్తారండీ? దాని వేళ్ళు చూశారా?"

"వేళ్ళు ఎలా కనపడతాయి?"

"మరి చూడకుండా అనకూడదు కదండీ."

సైగల పిల్ల చేతులు లేచాయి.

"ఏమంటోంది?"

బుల్లెట్ ఒక్క క్షణం ఆలోచించాడు. "మంచినీళ్ళు తాగుతారా అంటోందండీ."

సైగలు తెలిసిన ఆయాకి దగ్గొచ్చింది.

"మొగ్గ..." అంది అమ్మడు. ప్రెసిడెంటుగారు ఎటూ కదల్లేరు. కాబట్టి విన్నారు. "మొగ్గ... వచ్చింది. తొందర పెడితే... రాలిపోతుంది."

ఆయన కళ్ళజోడు సరిచేసుకుని వంగారు. ఆకు చాటున మిరియపు గింజంత ఊదారంగు మొగ్గ ఉంది.

"మరి ఈ టమాటా?"

"అది... అందాకా... తోడుకి."

ప్రెసిడెంటుగారు చాలాసేపు వంగే ఉన్నారు. "సరే. ఇంకో మూడు నెలలు."

"నాలుగు," అంది అమ్మడు, తడుముకోకుండా.

"నాలుగు," అన్నారాయన. బుల్లెట్ దారి ఇచ్చాడు.

కారు వెళ్ళాక ఆయా మాస్టారిని పట్టుకుంది. "మొక్కల మీద అంత గొంతు చించుకునేవారు, ఆయన ముందు ఒక్క మాట అనలేదేం?"

"ఆయన కొత్తగా ఏమన్నారని? రోజూ నేను అనేవేగా. పిల్లలకి జవాబులన్నీ వచ్చు." మాస్టారు మీసం సవరించుకున్నారు. "పెద్ద బడిలో ఈ మాటలే పిల్లల్ని అనేవాణ్ణి ఆయమ్మా. పాపం, ఒక్కడూ తిరిగి చెప్పలేదు. వీళ్ళకైనా అలవాటు చేద్దామని."

ఆయా కింద పడ్డ సీసా మూత తీసి పెడుతూ, "పోనీలెండి, ఇకనైనా తిట్టడం మానేయొచ్చు," అంది.

"అదెలా కుదురుతుంది? ఆ వంగ మొక్క నిజంగానే బద్ధకపుది."

"మాస్టారూ!" రెండు గొంతులు ఒక్కసారే లేచాయి. వాటి పక్కన రెండు చేతులు కూడా.